ఖాళీగా కనిపించిన గేటు

సెప్టెంబరు 1, ఆదివారం

ఆబుతో అనే మనిషి వచ్చాడు. రోడ్డు కంపెనీకీ ఊరికీ మధ్య మాటలు మోసే ఉద్యోగం అతనిది. మోసేటప్పుడు కొన్ని దారిలో పారేస్తాడు. చొక్కా ఇస్త్రీ మాత్రం ఎక్కడా నలగనివ్వడు.

"పెద్దాయనా, అదృష్టం నీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది," అన్నాడు.

నైరోబీలో మహాసభట. రోడ్లూ వంతెనలూ కంప్యూటర్లో గీస్తారే, ఆ గీసే సాఫ్ట్‌వేర్ వాడే ఇంజినీర్లంతా ఖండం నలుమూలల నుంచీ వస్తారట. దాని పేరు ఆబుతో రెండుసార్లు చెప్పాడు. నాకు నోరు తిరగలేదు. మా ఊరి రోడ్డు నక్షా బహుమతి పోటీలో ఉందట. ఊరి తరఫున ఒక పెద్దమనిషి వేదికెక్కి కృతజ్ఞతలు చెప్పాలట.

"నేనెందుకు?"

"మీటింగుల్లో ఒక్కసారి కూడా ఎదురు చెప్పనివాడివి నువ్వేగా. కంపెనీ యజమాని కరూరి గారు ఫొటోలన్నీ చూసి నిన్నే ఎంచుకున్నారు. 'ఈయన ముఖంలో ఎంత సమ్మతి ఉందో చూడండి' అన్నారు."

నా ముఖం అలాగే ఉంటుంది. పంటినొప్పి వచ్చినప్పుడు కూడా.

నా భార్య పెరెస్ పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నది. అతని మోటారుసైకిలు చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా ఆగింది.

"అగోలా నాన్నా," అంది, నన్నెప్పుడూ మా బిడ్డ పేరుతోనే పిలుస్తుంది. "వెళ్ళు. ఆ కరూరి ముఖం మీదే చెప్పు, రోడ్డు కట్ట పక్కకి జరపమని. చెప్పకుండా తిరిగొచ్చావో, మన గేట్లోంచి లోపలికి రాకు. ఎలాగూ రాలేవనుకో."

నవ్వింది. నేనూ నవ్వాను. పెళ్ళయిన నాటి నుంచీ మా ఇంట్లో ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడుతుంది.

సెప్టెంబరు 2, సోమవారం

కంపెనీవాళ్ళు రోడ్డు గుర్తుకి గూటాలు పాతి పోయి చాలా రోజులైంది. వాటి నెత్తిన ఎర్రరంగు. నది పొంగినా మునగకూడదని కొత్త రోడ్డుని మనిషెత్తు కన్నా ఎత్తున మట్టికట్ట మీద వేస్తారు. ఆ కట్ట సరిగ్గా మా గేటు ఎదుట లేస్తుంది. గేటు తీస్తే మట్టిగోడ. పరిహారం రాసుకోవడానికి వచ్చినవాడు చాలా మర్యాదస్తుడు. "వెనకవైపు ఇంకో గేటు పెట్టుకోండి, ఖర్చు మేమే ఇస్తాం," అన్నాడు.

వెనకవైపు!

మా దగ్గర ఇల్లు నిలబెట్టినవాడు గేటు ఒక్కసారే తెరుస్తాడు. మా నాన్న చూపించిన చోట నేను గొడ్డలి పట్టుకుని తెరిచాను. తెరిచినవాడు బతికుండగా అది కదలకూడదు. పోయినా అందులోంచే పోవాలి. వెనక కంచె కొట్టి లోపలికి తెచ్చేది ఎక్కడో పరాయిచోట చచ్చినవాణ్ణి. గేటు మూసుకుపోయిన ఇంటికి పెళ్ళిమాటలకి ఎవరూ రారు. పెళ్ళైపోయిన ఆడపిల్ల కూడా గుమ్మం తొక్కదు.

ఇవన్నీ పెరెస్ పట్టింపులు. నాకేం లేదు. నేను బడికి వెళ్ళినవాణ్ణి.

మహాసభ గురువారంతో అయిపోతుంది. శుక్రవారం సాయంత్రం నక్షాలకి ముద్ర వేసేస్తారు. ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా గీత కదలదని ఆబుతో అన్నాడు. దేవుడి దగ్గర కూడా ఇలాగే మాటలు మోస్తాడేమో.

సెప్టెంబరు 8, ఆదివారం

కిసుము నుంచి బస్సు. కాళ్ళు వాచాయి. హోటల్లో కిటికీ తెరుచుకోదు. దానికి కూడా గేటు పడినట్టుంది.

సెప్టెంబరు 9, సోమవారం

మెడలో పట్టీ వేశారు. ఎర్ర పట్టీ వాళ్ళు ఉపన్యాసాలిచ్చేవాళ్ళు. బంగారు రంగు పట్టీ వాళ్ళు డబ్బిచ్చినవాళ్ళు. తక్కినవాళ్ళకి నీలం. నాకు ఏ రంగు వేయాలో బల్ల దగ్గరి పిల్లకి తెలియలేదు. రోడ్డు ఎవరి గేటు మీద పడుతుందో వాడికి రంగు కేటాయించలేదట. చివరికి నీలం వేసింది. అందులో నా పేరు, ఊరి పేరు, వాటి కింద 'యూజర్' అని.

సంచీ ఒకటి ఇచ్చారు. కలాలు, సీసా, గొడుగు. లోపల ఎండ లేదు, వాన లేదు. అందరూ గొడుగులు మోస్తున్నారు.

పొద్దుటి ఉపన్యాసం చెప్పినాయన చెవి పక్క నుంచి పెదవి దాకా ఒక చిన్న మైకు వంచుకుని, వేదిక మీద అటూ ఇటూ నడిచాడు. రోడ్డుకి కవల ఉంటుందట. నేల మీద రోడ్డు పుట్టకముందే కంప్యూటర్లో దాని కవల పుట్టేస్తుందట. మా దగ్గర కవలలు పుడితే దోషం పోవాలని ఊరంతా గుమిగూడి బూతుపాటలు పాడతారు. ఇక్కడ చప్పట్లు కొట్టారు.

మా ఊరి కవలని కూడా చూపించారు, గోడంత తెర మీద. రోడ్డు నున్నగా ఉంది. రెండు పక్కలా నేనెప్పుడూ చూడని చెట్లు. నిక్కరు వేసుకున్న ఒక తెల్లాయన కుక్కని పట్టుకుని నడుస్తున్నాడు. ఒకామె చంటిబిడ్డని బండిలో పెట్టి తోసుకుపోతోంది. వీళ్ళంతా మా ఊళ్ళో ఎప్పుడు దిగారో తెలియదు. మా కంచె కనిపించింది, మా రేకుల కప్పు కనిపించింది. గేటు ఉండాల్సిన చోట పచ్చగడ్డి వాలు. అందంగానే ఉంది.

మా ఊరివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. బహుశా అందరూ వెనక గేటు వెతుక్కుంటూ పోయి ఉంటారు.

కరూరి గారు నన్ను కావలించుకున్నారు. భుజం మీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నారు.

"అయ్యా, మా గేటు..." అన్నాను.

"మాట్లాడుకుందాం పెద్దాయనా, తప్పకుండా మాట్లాడుకుందాం," అంటూ నా చెయ్యి ఊపి, అదే ఊపులో ఇంకొకరి చెయ్యి అందుకున్నారు.

మధ్యాహ్నం పుల్లకి గుచ్చిన చేపముక్క పెట్టారు. మేం రోజూ తినే మొక్కజొన్న ముద్ద, ఉగాలీ, లేదు. ఇంతమంది ఇంజినీర్లు ఇంత తక్కువ తిని అంత పొడుగు రోడ్లు ఎలా గీస్తారో.

సెప్టెంబరు 10, మంగళవారం

కరూరి గారు ఎదురుపడ్డారు. నవ్వారు. నేనూ నవ్వాను. మళ్ళీ ఎదురుపడ్డారు. నవ్వారు. నవ్వాను. ఇంతకన్నా ఏం మాట్లాడుకుంటాం.

పెరెస్ ఫోన్ చేసింది.

"చెప్పావా?"

"ఇక్కడ భోజనం బాగాలేదు."

"చెప్పలేదన్నమాట. ఆపొందీ ఆవులు ఇవాళ కూడా మన జెముడు కంచె దగ్గర నిలబడి అరిచాయి."

"అరవనీ."

ఆపొందీ నా తమ్ముడి భార్య. తమ్ముడు పోయి చాలాకాలమైంది. మా గేటుకి ఎదురుగా, బాటకి అవతల ఆమె ఇల్లు. పెద్ద మంద ఉంది. ఒక ఏడాది ఆ మంద మా గేటు పక్క సందులోంచి నదికి పోతూ పోతూ నా మొక్కజొన్న మేసేసింది. నేను ఆమెని ఒక్క మాట అనలేదు. సందుకి అడ్డంగా జెముడు నాటాను. అది ఏపుగా పెరిగింది. అప్పటి నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు.

"నోటితో చెప్పాల్సింది ముళ్ళతో చెప్పాడు మా బావ," అని ఆపొందీ ఊరంతా చెప్పుకుంది. నాకేం పట్టలేదు.

సెప్టెంబరు 11, బుధవారం

టీ తాగే వేళ జనాన్ని తప్పించుకుని ఒక పూలకుండీ వెనక కుర్చీ చూసుకున్నాను. అక్కడ అప్పటికే ఒకమ్మాయి ఉంది. చెప్పులు విప్పి, పాదాలు నొక్కుకుంటోంది. మెడలో ఎర్రపట్టీ.

"పట్టుబడ్డాను," అంది. "కూర్చోండి తాతా. ఇక్కడికి ఎవరూ రారు. నేను మొన్నటి నుంచీ ఇక్కడే దాక్కుంటున్నాను."

పేరు కగెందో. మేరు ప్రాంతం వాళ్ళమ్మాయి. నా పట్టీ మీద ఊరి పేరు చదివి లేచి నిలబడబోయింది.

"అయ్యో, మీ రోడ్డు గీసింది నేనే!"

మంచి అమ్మాయి. చేతికి ఉంగరం కూడా లేదు. కోపం తెచ్చుకోవడానికి గట్టిగా ప్రయత్నించాను, రాలేదు.

"గీత అక్కడే ఎందుకు వేశావమ్మా?" అని అడిగాను. ఇంత పొడుగు మాట నేను బయటివాళ్ళతో అని ఎన్నాళ్ళైందో.

"నేను వేయలేదు తాతా, అదే వెతుక్కుంది. పైనుంచి తీసిన ఫొటోలు ఇస్తాం. ఇల్లుంటే ఇంత పరిహారం, చెట్టుంటే ఇంత, కంచె ఉంటే ఇంత అని చెబుతాం. వాటిని తప్పించుకుంటూ ఖర్చు తక్కువైన దారి అదే పట్టుకుంటుంది. మీ ఇంటి దగ్గర ఇల్లు తప్పించింది, చింతచెట్టు తప్పించింది. మీ కంచెలో ఒకచోట ఏమీ లేదు. ఖాళీ. దాన్ని ఆనుకుని పోయింది."

"గేటంటే ఖాళీయే కదమ్మా."

ఆమె ఒక చెప్పు తొడుక్కుంది. రెండో చెప్పు కూడా తొడుక్కుంది.

అప్పుడు అంది, "జరపొచ్చు తాతా. నిమిషం పని. ఒక గీత లాగితే కట్ట, తూములు, లెక్కలు అన్నీ వాటంతటవే మారిపోతాయి. రేపు వేదిక మీద నేను చూపించేది అదే. కానీ నా ఇష్టానికి జరపలేను, కరూరి గారు ఊ అనాలి. రేపు సభలోంచి ఎవరో లేచి 'ఫలానా తూము జరిపి చూపించండి' అని అడుగుతారు. అడిగేవాడెవడో కూడా ముందే కుదిర్చారు. వాడికన్నా ముందు మీరు అడగండి. మీకు మైకు ఇస్తారుగా, కృతజ్ఞతలకి."

"అందరి ముందా?"

"అందరి ముందైతేనే ఆయన కాదనలేరు."

టీ చల్లారిపోయింది. ఇద్దరం పూలకుండీ వెనక దాక్కున్నవాళ్ళం. మా ఇద్దరి ధైర్యం కలిపితే ఒక మనిషికి సరిపోతుందేమో.

సెప్టెంబరు 12, గురువారం

అయింది.

ఎలా అయిందో రాస్తాను.

ఆబుతో నాకొక అట్టముక్క ఇచ్చాడు. మూడు వాక్యాలు. మూడూ కృతజ్ఞతలే. "మన భాషలోనే చెప్పు పెద్దాయనా, వీళ్ళకి వినసొంపుగా ఉంటుంది. ఇంగ్లీషులో నేను చెబుతాను," అన్నాడు.

దీపాలు కళ్ళల్లో పడ్డాయి. జనం కనబడలేదు. అదీ ఒకందుకు మంచిదే అయింది. అట్టముక్క జేబులో పెట్టుకుని అన్నాను, "కరూరి అయ్యగారూ, మీ కట్ట మా గేటు మూసేస్తోంది. కొంచెం పక్కకి జరపండి."

ఆబుతో కళ్ళజోడు సర్దుకున్నాడు. ఇంగ్లీషులో మొదలెట్టాడు. నాకొచ్చిన ఇంగ్లీషు నాకు చాలు: "ఈ రోడ్డు తన గడప దాకా వచ్చిన ఆనందంలో ఈయనకి నోట మాట రావడం లేదు."

చప్పట్లు.

వెనక వరసల్లోంచి పెద్ద నవ్వు.

"ఒరేయ్ ఆబుతో! ఆయన అన్నది అదేనా?"

"ముసలాయన పరిహారంలో కూడా ఇలాగే కోత కోస్తావా?"

"తాతా, మళ్ళీ చెప్పు! ఈసారి మేం తిప్పుతాం!"

మా భాష మాట్లాడే సరస్సు ఒడ్డువాళ్ళు లేని ఇంజినీర్ల సభ ఈ దేశంలో జరగదు. ఆ సంగతి ఆబుతో మరిచిపోయాడు. ఎవడో కుర్చీ ఎక్కి నా మాటని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో అరిచాడు.

కరూరి గారు ఊరికే అంతవారు కాలేదు. రెండు చేతులూ చాచి నవ్వారు. "చూశారా! మనం ఇక్కడికి చేరిందే ఇందుకు. మన సాఫ్ట్‌వేర్ ఉన్నదే ఇందుకు. కగెందో, పెద్దాయన గేటు తెరిచి చూపించు!"

కగెందో చెయ్యి కదిలింది. తెర మీద గీత కదిలింది. కట్ట, కాలవలు, తూములు, మట్టి లెక్కలు అన్నీ తల్లికోడి వెంట పిల్లల్లా దాని వెనక జరిగాయి. మా గేటు ఎదుట నేల తేలింది.

అవతలి పక్కన చిన్న ఎర్ర పెట్టె ఒకటి వెలిగి ఆరి, మళ్ళీ వెలిగింది.

"ఒక్క నిర్మాణం," అన్నారు కరూరి గారు తెర చూసి. "చిన్నదే. పరిహారం ఇచ్చేద్దాం. నిమిషం కూడా పట్టలేదు చూడండి!"

చప్పట్లు. జనం లేచి నిలబడ్డారు.

ఆ నిర్మాణం ఏదో నాకు తెలుసు. దాని కప్పు నేనూ తమ్ముడూ కలిసి వేశాం.

"పెద్దాయనా, సంతోషమేనా?" మైకు నా నోటి దగ్గర పెట్టారు.

నోరు తెరిచాను. మాట రాలేదు. ఇందాక ఆబుతో అన్న అబద్ధం అప్పుడు నిజమైంది.

"చూడండి! మాటలు రావడం లేదు!" అన్నారు కరూరి గారు.

బహుమతి మా రోడ్డుకే వచ్చింది. గాజుతో చేసిన త్రికోణం. పట్టుకుంటే వేలు తెగింది.

అదే రోజు, సాయంత్రం

నేనేం అనలేదు. గీత జరపమన్నాను, అంతే. ఎటు జరపమన్నానా? లేదు. యంత్రం జరిపింది.

ఆపొందీ ఇల్లు పాతది. కప్పు కారుతుంది. కొత్త రేకులతో కట్టిస్తారు. ఇల్లు ఎక్కడైనా కట్టుకోవచ్చు, గేటు అలా కాదు. ఆమెకి ఒకరకంగా మేలే. మేలే అని ఆమెకి చెప్పాలంటే మాటల్లేవు కదా. అది నా తప్పు కాదు.

తమ్ముడు ఆ ఇంటి ముందరే ఉన్నాడు. సమాధికి యంత్రంలో లెక్క ఉందో లేదో అడగలేదు.

నేనేం అనలేదు.

సెప్టెంబరు 13, శుక్రవారం

పొద్దున్నే హాలుకి వెళ్ళాను. బల్లలు మడుస్తున్నారు, తివాచీలు చుడుతున్నారు. నిన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టినచోట ఒకడు చీపురు పట్టుకుని గొడుగులు ఏరుతున్నాడు. కగెందో ఒక మూల కంప్యూటరు ముందు కూర్చుని ఉంది.

"అమ్మా, వెనక్కి జరిపెయ్," అన్నాను. "గీతని మొదట ఉన్నచోటే పెట్టు."

ఆమె నా ముఖం చూసింది.

"అది మా తమ్ముడి ఇల్లు."

"తాతా," అంది మెల్లగా, "నిన్నటిది సేవ్ చెయ్యలేదు. అది వేదిక కోసం చేసిన నకలు. చప్పట్లయ్యాక తీసేశాం. అసలు నక్షాలో గీత మొదటి నుంచీ మీ గేటు ముందే ఉంది."

అదీ సంగతి. బతుకులో మొదటిసారి గుండె దిటవు చేసుకుని గేటు వదులుకోవడానికి వస్తే, వదులుకోవడానికి అక్కడ ఏమీ లేదన్నారు. బహుమతి మాత్రం ఆ లేనిదానికే ఇచ్చారు.

పక్కనే కుర్చీ ఉంటే కూర్చున్నాను. కగెందో ఏదో వెతుకుతూ ఉంది.

"గీత కదపకుండా, కట్ట కింద నుంచి దారి పెట్టొచ్చు," అంది ఉన్నట్టుండి. "మీ గేటు ఎదురుగా పెద్ద తూము. మనిషి నడిచిపోయేంత. మనుషుల కోసమంటే రూల్సు ఒప్పుకోవు. మనుషులు మెట్లెక్కి దాటుతారు అంటారు. పశువుల కోసమైతే ఒప్పుకుంటాయి. మంద అటూ ఇటూ దాటే బాట ముందు నుంచీ ఉండాలి, మందలో పదికి తక్కువ కాకుండా ఉండాలి. అంతైతే కరూరి గారిని కూడా అడగక్కర్లేదు, రూలే అడుగుతుంది. మీకెన్ని ఆవులున్నాయి?"

"రెండు."

"ఎదురింటివాళ్ళకి?"

సాయంత్రం ముద్ర పడుతుంది. పెరెస్‌కి ఫోన్ చేసి నంబరు అడిగాను.

"ఆపొందీ నంబరు నీకెందుకు?"

"చెప్పు."

మా ఇంట్లో నేను 'చెప్పు' అనడం పెరెస్‌కి కొత్త. చెప్పేసింది.

"ఎవరు?"

"నేను."

"నేనంటే? పేరు లేదా?"

"ఒబూయా."

"బావగారా! ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"అయితే పోయింది నా ఇల్లే. చూశాను బావగారూ. వీడియో నిన్ననే ఊరందరి ఫోన్లకీ వచ్చింది, ఆబుతో పంపాడు. నా ఇంటి మీంచి రోడ్డు పోతుంటే ఎంతమంది చప్పట్లు! నా పెళ్ళికి కూడా అంతమంది రాలేదు. మధ్యలో నువ్వు. పాతిన గూటం లాగా."

"వెనక్కి జరపమన్నాను."

"ఎవరితో అన్నావు? ముళ్ళతోనా?"

ఫోను కగెందో చేతిలో పెట్టాను. వాళ్ళిద్దరూ స్వాహిలీలో మాట్లాడుకున్నారు. కగెందో ముందు సంజాయిషీ చెప్పింది, తర్వాత తూము గురించి చెప్పింది, తర్వాత నవ్వింది. నా వైపు చూసి ఇంకొంచెం నవ్వింది. ఫోను తిరిగిచ్చింది.

"ఆ పిల్ల చెప్పింది," అంది ఆపొందీ. గొంతులో వేడి కొంచెం తగ్గింది. "నా ఆవులు కావాలన్నమాట. బాట కూడా ఉండాలిట. బాట ఎక్కడుంది బావగారూ? దాని మీద ఏం మొలిచింది?"

"పీకేస్తాను."

"ఎవరు పీకుతారు? కూలివాళ్ళా?"

"నేనే."

"ఏ చేత్తో నాటావో ఆ చేత్తోనే. నేను పీట వేసుకుని కూర్చుని చూస్తాను."

"సరే."

"ఇంకొకటుంది. రోజూ పొద్దున ఆ బాటన పోయేటప్పుడు పలకరించాలి."

"ఆవుల్నా?"

"నన్ను!"

"ఏమని?"

"అది కూడా నేనే రాసివ్వాలా? ఆబుతోని అడుగు, అట్టముక్క మీద రాసిస్తాడు."

పెట్టేసింది. నాకు చెమట పట్టింది. వేదిక మీద కూడా ఇంత పట్టలేదు.

కగెందో పని మొదలెట్టింది. తెర మీద మా గేటు ఎదుట, కట్ట కింద, ఒక నల్లటి చదరం తెరుచుకుంది. తూము ఎత్తు ఎంత ఉండాలో మందలో అన్నిటికన్నా ఎత్తైన పశువుని బట్టి తేలుస్తారట. కొమ్ములున్న ఎద్దు ఎత్తు వేసింది.

ఒక మాట అడగాలి. సిగ్గుగా ఉంది. అయినా ఇవాళ సిగ్గులన్నీ అయిపోయాయి కదా అని అడిగేశాను.

"అమ్మా, నలుగురు మనుషులు భుజాల మీద పెట్టె మోసుకుని పోతే, తగలకుండా పోతుందా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. లెక్క వేసింది. తగులుతుంది. కొంచెమే, కానీ తగులుతుంది.

ఎద్దు ఎత్తు ఇంకాస్త పెంచింది. తూము దానితోపాటు పెరిగింది. అలా పెరుగుతుందనే కదా ఇన్ని రోజులుగా అందరూ చప్పట్లు కొట్టారు.

సెప్టెంబరు 15, ఆదివారం

ఇల్లు చేరాను. గేట్లోంచే వచ్చాను. పెరెస్ ఏమీ అడగలేదు. అడగాల్సినవన్నీ ఆపొందీని అడిగేసింది.

సెప్టెంబరు 18, బుధవారం

జెముడు పాలు పడి చేతులు మండుతున్నాయి. ఆపొందీ పీట తెచ్చుకుంది. టీ కూడా తెచ్చుకుంది. నాకివ్వలేదు.

"ఆ మూల ఒకటి వదిలేశావు బావగారూ."

సెప్టెంబరు 19, గురువారం

ఇంకా సగం ఉంది. ఇవాళ టీ ఇచ్చింది. చక్కెర లేదు.

సెప్టెంబరు 23, సోమవారం

ఆవులు ఆ బాటన నదికి పోయాయి. "బాగున్నావా?" అన్నాను. "ఏంటీ, వినబడలేదు," అంది. గట్టిగా అన్నాను. వినబడలేదంది. మూడోసారికి పక్క ఊరికి కూడా వినబడి ఉంటుంది.

అక్టోబరు 22, మంగళవారం

నక్షా సరిచూడడానికి తనిఖీ ఆయన వచ్చాడు. బూట్లకి ఊరి మట్టి బాగా అంటుకున్న మనిషి. వెంట ఆబుతో. ఇప్పుడు ఆబుతో నా మాటలు తిప్పడు. నన్ను చూస్తే తలే పక్కకి తిప్పుకుంటాడు.

ఆపొందీ మందని ముందే తోలి పెట్టింది. బాట నిండా పేడ. ఆయన చూశాడు. "బాట పాతదే," అని రాసుకున్నాడు. ఆవుల్ని లెక్కపెట్టి రాసుకున్నాడు. తర్వాత నక్షా విప్పి తూము కొలత దగ్గర వేలు ఆపాడు. మందని చూశాడు. మళ్ళీ నక్షా చూశాడు.

"ఇంత ఎత్తు ఎద్దు పెట్టారే? ఈ దేశంలోనే ఉండదు. ఏదీ, ఆ ఎద్దుని చూపించండి. లేదంటే తూము తగ్గించాలి."

ఆపొందీ నోరు తెరిచింది. మూసుకుంది. పెరెస్ నోరు తెరిచింది. మూసుకుంది. ఆ ఇద్దరూ ఒకేసారి మాటలు లేకుండా నిలబడడం నేనెన్నడూ చూడలేదు. ఆబుతో నేల చూస్తున్నాడు.

"నేనే," అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను పొట్టివాణ్ణి.

"ఇప్పుడు కాదు అయ్యా. నలుగురి భుజాల మీద ఉన్నప్పుడు. ఈ గేటు తెరిచింది నేను. పోయేటప్పుడు ఇందులోంచే పోవాలి."

ఎంత పొడుగ్గా మాట్లాడానో అన్నాకే తెలిసింది. ఆవులు కూడా మేత ఆపి చూశాయి.

"బావగారూ," అంది ఆపొందీ వెనక నుంచి, "మెల్లగా. నా దూడలు బెదిరిపోతున్నాయి."

ఆయన గేటు వైపు చూశాడు. నా నెత్తి మీద, ఏమీ లేనిచోట, గాల్లోకి కాసేపు చూశాడు. కలం తీశాడు.

పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి చదివాను. 'ఎద్దు ఉంది' అని రాశాడు.